రాయలవారి నగరు

తుళువ నరసనాయకునకు నాగలాదేవియందు జన్మించిన శ్రీకృష్ణదేవరాయలు 1509లో విజయనగర సింహాసన మధిష్ఠించెను. పట్టాభిషేకమునకు గుర్తుగా 1510లో విరూపాక్షుని సన్నిధిని రంగమంటపము కట్టించెను. మంత్రి తిమ్మరుసు తోడ్పాటుతో ఉదయగిరి, కొండవీడు దుర్గములను జయించి, ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమునకు 1515లో ఆలయము నిర్మించెను. తల్లి పేర నాగలాపురమను పట్టణమును వెలయించెను. 1529లో పరమపదించెను.

దేవాలయములను శిలతోను, రాజభవనములను రాతి తిన్నెలపై కొయ్య స్తంభములు నిలిపియు కట్టుట నాటి మర్యాద. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము నగరము కొల్లవోయి, దగ్ధమై, పాడుపడెను. కలపతో నిత్యపరిచయముగల మాయాబందరు వాసులకు ఆ పిమ్మటి కథ చెప్పనక్కరలేదు. నేడు హంపిని దర్శించువారికి రాయలు నివసించిన మేడలు కానరావు. వాని రాతి పీఠములును, మహర్నవమి దిబ్బయును మాత్రమే అగుపడును. పద్మమహలు, గజశాల గచ్చు కట్టడములగుటచే నిలిచినవి.

ఇంతటి చక్రవర్తి కావ్యము వ్రాయుటకు తెలుగునే వరించి ఆముక్తమాల్యదను రచించెను. ఆయన మేడలకు పట్టిన గతి ఆ కావ్యమునకు పట్టలేదు. తరతరములవారు దానిని వ్రాసికొని, చదివికొని కాపాడిరి. తెలుగునాటికి సముద్రము కావల నున్న కుటుంబములకును ఆ భారము చెల్లును.