రాగిరేకు మీద రోమ్

లైబ్రరీలో ఓ పాత పుస్తకం తిరగేస్తుంటే ఆ బొమ్మ కనిపించింది. నీరో చక్రవర్తి రోమ్‌లో కట్టించిన నీటి వంతెన. కమానులు విరిగిపోయాయి, పైన పొదలు మొలిచాయి. గీసినాయన ఎవరా అని వెతికాను: జొవాన్ని బత్తిస్తా పిరనేసి.

1720లో వెనిస్ దగ్గర పుట్టాడు. తండ్రి రాతిపనివాడు, మేనమామ వెనిస్ నీటి పనుల ఇంజనీరు. రాయీ నీళ్ళూ ఇంట్లోనే తెలిశాయన్నమాట. 1740లో వెనిస్ రాయబారి పరివారంతో రోమ్ చేరాడు. భవనాలు కట్టాలని ఆశ, కానీ పని ఇచ్చేవాళ్ళు లేరు. అందుకని జుసెప్పే వాసి దగ్గర అచ్చుబొమ్మల పని నేర్చుకున్నాడు. రాగిరేకుకి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లం పోస్తే గీత పడ్డ చోటే రాగి కరుగుతుంది.

రోమ్‌లో జనం శిథిలాల రాళ్ళని కొత్త కట్టడాలకి పట్టుకుపోతుంటే ఆయన తట్టుకోలేకపోయాడు. పోయేలోపే గీసిపెట్టాలని, కొలతలు తీసి 1756లో నాలుగు సంపుటాలు వేశాడు. 1761లో పాతకాలపు రోమన్లు కాలువ నీళ్ళు ఎలా పంచుకున్నారో ఇంకో పుస్తకం రాశాడు.

చివరికి కట్టే పని ఒక్కటే దొరికింది. 1764లో అవెంటైన్ కొండ మీద ఓ పాత చర్చిని కొత్తగా తీర్చిదిద్దాడు. 1778లో పోయాడు, సమాధి అక్కడే.

అయినా తన పేరు పక్కన వెనిస్ ఆర్కిటెక్టునని రాసుకునేవాడు. మొదట గొప్పలనుకున్నాను. ఇప్పుడనుకోను. ఆయన గీసినవాటిలో కొన్ని నేలమట్టమయ్యాయి, కాగితం మీద మాత్రం నిలిచే ఉన్నాయి.