బ్రౌను దొరగారును వ్రాతప్రతుల సాక్ష్యమును

తెనుగు గ్రంథములను నశింపనీయక కాపాడిన మహనీయులలో చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొరగారు అగ్రగణ్యులు. వీరు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు అచ్చటి క్రైస్తవ బోధకులు. కుమారుడు 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, కుంపిణీ కొలువునకై తెనుగు నేర్చి, 1820లో కడప చేరెను. పిమ్మట మన రేపల్లె సీమకు కృష్ణ కావలనున్న మచిలీపట్టణమున పనిచేసెను.

ఆ కాలమున తెనుగు కావ్యములు తాటాకులలో చెదపురుగుల పాలగుచుండెను. ఒక ప్రతిలోని పాఠము వేరొక ప్రతిలో లేదు. లేఖకుల తప్పులును, చేర్పులును మూలముతో కలిసిపోయెను. 1824లో ఒక ఫ్రెంచి బోధకుని గ్రంథమున వేమన పేరు కానవచ్చినంత, దొరగారు ఆ మాటతో తృప్తినొందక, వేమన పద్యముల ప్రతులను పలుచోట్లనుండి తెప్పించిరి. 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ప్రకటించిరి. అయినను సంఖ్య పెరిగినంత మాత్రమున అన్నియు వేమనవే యని చెప్పరాదు. ఆ విచారణ నేటికిని సాగుచునే యున్నది.

వారి పద్ధతి మిక్కిలి గమనింపదగినది. ఒక గ్రంథమునకు పది పన్నెండు ప్రతులు సేకరించి, పుట విడిచి పుట ఖాళీగా నుంచి శుద్ధప్రతి వ్రాయించి, పద్యములకు సంఖ్యలు వేయించెడివారు. ఆ ఖాళీ పుటలలో పాఠభేదములు చేరెడివి. అటుపై పండితులు ఏ ప్రతి సాక్ష్యము బలమైనదో చర్చించి పాఠమును నిర్ణయించెడివారు. జూలూరి అప్పయ్యగారు ఈ పండితులలో ముఖ్యులు. వీరందరి జీతములకు దొరగారు స్వంత ధనము వెచ్చించి, అప్పుల పాలైరి.

1834లో కొలువు పోగా వారు ఇంగ్లాండునకు వెడలిరి. అచ్చట కుంపిణీవారి గ్రంథాలయమున మూలుగుచున్న దక్షిణదేశ వ్రాతప్రతులను కనుగొని, వానిని చెన్నపట్టణమునకు పంపు ఏర్పాటు గావించిరి. 1837లో మరల వచ్చి పని సాగించిరి. 1852లో వెలువడిన వారి నిఘంటువున, పెక్కు పదములకు అవి ఏ కావ్యమున నున్నవో సూచనలు కలవు. జనుల నోటి మాటలకును అందు తావు లభించెను.

కావలి బొర్రయ్య మొదలగువారి సాయమున మెకంజీ దొర కూర్పించిన గ్రామ కైఫీయతులు శిథిలము కాగా, బ్రౌనుగారు వానికి నకళ్లు వ్రాయించిరి. గుంటూరు మండల గ్రామ చరిత్రలకు కైఫీయతులు విలువగల ఆధారములు. కాని కరణముల లెక్కలతోపాటు కట్టుకథలును అందు కలిసియుండును. కావున బాపట్ల భావనారాయణస్వామి ఆలయమువంటి చోట్ల శాసనములతో సరిచూచి గ్రహింపవలెను.

1855లో స్వదేశము చేరిన దొరగారు లండనులో తెనుగు ఆచార్యులుగా నుండి, 1884 డిశంబరు 12వ తేదీని కాలధర్మము నొందిరి.

విద్యార్థులారా! మీరు వ్యాసము వ్రాయునపుడు ఈ సంగతి ఎవరు చెప్పిరి, వారి కెట్లు తెలిసెను, వేరొక సాక్ష్యము కలదా యని విచారింపుడు. గ్రహించిన గ్రంథము పేరును, పుటను తప్పక తెల్పుడు. అటుల తెల్పినచో మీ తరువాతివారు మీ పనిని పరీక్షించి, దానిమీద మరియొక వరుస కట్టగలుగుదురు.