తొలి విమానపు ఇంజను చేసిన చేతులు

విమానయాన చరిత్రను తలచినప్పుడు మనము రైటు సోదరులకు నమస్కరించి ఊరుకుంటాము. వారి విమానానికి ఇంజను చేసి ఇచ్చిన చార్లీ టేలరు పేరు పాఠ్యగ్రంథాలలో కనబడడం అరుదు. ఆయన ఇంజనీరు కాడు. మన ఊళ్ళ మెకానిక్ షాపులలో కుర్రవాళ్ళు ఉస్తాద్ అని గౌరవించే కోవకు చెందినవాడు.

చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో జన్మించినాడు. బాల్యంలోనే చదువుకు స్వస్తి చెప్పి పనిముట్లు చేతబట్టినాడు. 1901లో డేటన్ నగరంలోని రైటు సోదరుల సైకిలు దుకాణంలో వారానికి 18 డాలర్ల జీతంపై చేరినాడు. సోదరులు గ్లైడరు ప్రయోగాలకై కిట్టీహాక్ వెళ్ళినప్పుడు దుకాణమంతా ఆయన చేతిమీదనే నడిచేది.

1902 చివరలో సోదరులకు కనీసం 8 అశ్వశక్తి గల తేలిక ఇంజను కావలసి వచ్చింది. కంపెనీలకు లేఖలు వ్రాసినా తగినది దొరకలేదు. ఆ భారం టేలరుపై పడింది. అంతకుముందు పెట్రోలు ఇంజనుతో ఆయన పరిచయమెంత? ఒక మోటారుకారును బాగుచేయబోవడం వరకే. అయినను చిత్తుకాగితంపై బొమ్మ గీసుకొని, దానిని పనిబల్ల ఎదుట గుచ్చుకొని, లేతు, డ్రిల్లింగు యంత్రాల సాయంతో ఆరు వారాలలో నాలుగు సిలిండర్ల ఇంజనును పూర్తిచేసినాడు. బరువు తగ్గించుటకు క్రాంకుకేసును అల్యూమినియంతో పోతపోయించినారు. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుండగా ఆ పోత పగిలినది. మరొకటి పోయించి మళ్ళీ మొదటినుండి బిగించవలసి వచ్చింది.

మమ్ము అన్నిటికంటె ఆశ్చర్యపరచినది పెట్రోలు, గాలి కలిసే ఏర్పాటు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, తక్కువైతే ఇంజను వేడెక్కి తడబడుతుంది. నేటి చిన్న విమానాలలో ఎత్తుకు పోయి గాలి పలుచబడినకొద్దీ పైలటు ఒక మీటతో పెట్రోలును తగ్గిస్తాడు. టేలరు ఇంజనుకు ఆ మీట లేదు, వేగాన్ని అదుపుచేసే థ్రాటిలు లేదు, నిజానికి కార్బురేటరే లేదు. పైనున్న తొట్టినుండి పెట్రోలు రబ్బరు గొట్టం గుండా తనంతట దిగి, వేడెక్కిన సిలిండర్ల పైభాగాన ఆవిరియై, గాలితో కలిసి లోనికి పోయేది. పాళ్ళను నేలమీదనే ఒక చిన్న వాల్వుతో సరిచూసేవారు. ఎగిరిన పిదప మార్చుకొను వీలు లేదు. ఇందులో ఒక చిక్కు కలదు. ఆరంభంలో సుమారు 16 అశ్వశక్తి నిచ్చిన ఇంజను, వేడెక్కగానే లోనికి వచ్చే గాలి వ్యాకోచించి పలుచబడుటచేత 12కు దిగజారేది. ఆ 12తోనే 1903 డిసెంబరు 17న విమానం గాలిలోకి లేచినది. నాల్గవసారి 59 సెకన్లలో 852 అడుగులు పోయినది. ఆనాడు టేలరు అక్కడ లేడు, డేటన్‌లోనే ఉన్నాడు.

తరువాతి జీవితంలో సుఖం తక్కువ. 1911లో అమెరికా ఖండాన్ని విమానంలో దాటిన కాల్ రోడ్జర్సు వెంట మెకానిక్కుగా వెళ్ళినాడు. కాలిఫోర్నియాలో భూమి కొని, సొమ్మంతా పోగొట్టుకున్నాడు. 1937లో హెన్రీ ఫోర్డు పాత సైకిలు దుకాణాన్ని పునరుద్ధరించదలచి వెదికించగా, టేలరు ఒక విమాన కర్మాగారంలో సామాన్య కార్మికుడై ఉన్నాడు. తానెవరో తోటివారికి చెప్పనే లేదు. ఆర్విల్ రైటు తన వీలునామాలో ఆయనకు ఏటా 800 డాలర్లు ఏర్పరచినాడు గాని, పెరిగిన ధరలముందు అది చాలలేదు. 1955లో ఒక విలేఖరి ఆయనను ఆసుపత్రి ధర్మవార్డులో కనుగొన్నాడు. విమాన పరిశ్రమవారు చందాలు పోగుచేసి మంచి వైద్యశాలకు మార్చినారు. కొద్ది నెలలకే, 1956 జనవరి 30న, ఆర్విల్ మరణించి సరిగా ఎనిమిదేండ్లు నిండిన నాడు, టేలరు కన్నుమూసినాడు.