కట్నం డబ్బుతో కదిలిన కారు

కారులోంచి కీచుమని కొత్త చప్పుడు వచ్చిందనుకోండి. మనలో చాలామంది ఏం చేస్తాం? పాటల సౌండు పెంచేస్తాం. లేదంటే, సాయంత్రం ఆయనతో చెబుదాంలే అనుకుంటాం. మెకానిక్ ఎదురుగా నిలబడితే, ఏదో చప్పుడొస్తోందండీ అనడం తప్ప మరో మాట రాదు. కానీ ప్రపంచంలో కారు మీద మొట్టమొదటి దూరప్రయాణం చేసింది ఓ ఇల్లాలే! దారిలో బండి పెట్టిన పేచీలన్నీ తనే కనిపెట్టి, చేతికందిన వస్తువుతో సరిచేసుకుంది. ఆమె పేరు బెర్తా బెంజ్.

జర్మనీలోని ఫోర్జ్‌హైమ్‌లో 1849 మే 3న పుట్టింది. తండ్రి ఇళ్లు కట్టించే పనుల్లో బాగా గడించినవాడు. కార్ల్ బెంజ్ అనే ఇంజినీరుతో ఆమెకు పెళ్లి కుదిరింది. కుర్రాడికి తెలివి ఉంది, పైకం లేదు. పైగా వర్క్‌షాపులో భాగస్వామితో పొసగడంలేదు. అప్పుడు బెర్తా పెళ్లి కాకముందే తన కట్నం డబ్బు తీసుకుని, ఆ భాగస్వామి వాటా కొనిపించేసింది. కట్నాల మంచిచెడ్డల సంగతి పక్కన పెడదాం. ఆ సొమ్ము ఎక్కడికి పోవాలో తనే తేల్చుకున్న పెళ్లికూతురు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు? 1872లో పెళ్లయింది. అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి వ్యాపారంలో పెట్టుబడిదారుగా హక్కు లేదు. అందుకే సొమ్ము ఆమెదైనా 1886లో కారు మీద వచ్చిన పేటెంటు మాత్రం ఆయన పేరున్నే ఉంది.

మధ్యలో చాలా కష్టాలు పడ్డారు. అప్పులు, పిల్లలు, ఎంతకీ స్టార్ట్ కాని ఇంజను. 1879 డిసెంబరు 31 రాత్రి భోజనాలయ్యాక, ఇంకొక్కసారి షెడ్డుకెళ్లి చూద్దాం రమ్మని పోరుపెట్టింది బెర్తానే. ఆ రాత్రి ఇంజను ఆడింది. టక్ టక్‌మని తాళం తప్పకుండా ఆడుతుంటే ఆ చప్పుడు వింటూ ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. అంతలో కొత్త సంవత్సరం గంటలు మోగాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఎలా పలుకుతుందో మొదటే విన్న చెవులవి.

కారైతే తయారైంది గానీ కొనేవాళ్లు లేరు. జనం దాన్ని వింతగా చూసి పోయేవాళ్లు. కార్ల్‌కేమో ఇంకా సరిచెయ్యాలి, ఇంకా సరిచెయ్యాలి అన్న బెంగ. 1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున ఆయన నిద్ర లేవకముందే బెర్తా పెద్దకొడుకులు యూజెన్, రిచర్డ్‌లను వెంటేసుకుని మూడు చక్రాల బండి తీసింది. మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి 106 కిలోమీటర్లు. మన ఇబ్రహీంపట్నం నుంచి నాగార్జునసాగర్ దూరానికి కొంచెం తక్కువ. అయితే అది సాగర్ రోడ్డులాంటి తారు రోడ్డు కాదు, గుర్రబ్బండ్ల బాట. పెట్రోలు బంకు అన్నదే లోకంలో లేదు. వీస్లాక్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు తీసే లిగ్రోయిన్ ద్రవం కొని బండిలో పోసింది.

ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే కాలి మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని చుట్టింది. చెయిను సాగిపోతే కమ్మరి చేత బిగింపించింది. ఎత్తు ఎక్కలేక ఇంజను చేతులెత్తేస్తే దిగి తోశారు. ఇక దిగుడు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోయాయి. చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. ఇప్పుడు మన కార్లలో ఉండే బ్రేక్ లైనింగుకు మొదలు అదే.

ఆ లైనింగు ఇప్పటికీ మనతో మాట్లాడుతూనే ఉంది. బ్రేకు నొక్కినప్పుడల్లా సన్నగా కీచుమంటే ప్యాడ్లు అరిగే దశకొచ్చాయని అనుమానించాలి. గరగరమని ఇనుము రాసుకున్నట్టుంటే ఇక నడపకూడదు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే అరుపు వచ్చి తగ్గిపోతే బెల్టు వదులైందేమో చూపించండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు టకటకమంటే ముందు చక్రాల యాక్సిల్ జాయింటు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ధన్‌మంటే సస్పెన్షన్. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఏ వైపు నుంచి వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నది చెప్పగలిగితే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. మనకు అనవసరపు బిల్లూ తగ్గుతుంది!

సాయంత్రానికి బెర్తా పుట్టింటికి చేరి భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొద్ది రోజులకు అదే కారులో తిరిగొచ్చి, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. కార్ల్ పెట్టాడు కూడా. ఆ దారికి 2008 నుంచి ఆమె పేరే ఉంది.

1929లో కార్ల్ పోయాక లాడెన్‌బుర్గ్‌లోని ఇంట్లోనే ఉండిపోయింది. 1944లో 95వ పుట్టినరోజున, భర్త చదువుకున్న కార్ల్స్‌రూహే సాంకేతిక విద్యాలయం ఆమెను గౌరవ సెనేటర్‌గా సత్కరించింది. ఆ తర్వాత రెండు రోజులకు, మే 5న, కన్నుమూసింది.