డాక్టరు మేరీ వర్గీసు

పల్నాటి బాలబాలికలకు శౌర్యమనగానే కారంపూడి రణరంగము స్మరణకు వచ్చును. శత్రువు నెదిరించి నిలుచుట శౌర్యమే. కాని తన దేహమే తన మాట విననప్పుడు, ఆ దేహముతోడనే పరులకు మేలు చేయబూనుటయు శౌర్యమే. అట్టి ధీరవనిత డాక్టరు మేరీ వర్గీసు.

ఆమె 1925వ సంవత్సరమున కొచ్చిన్ సమీపమందలి చెరాయి గ్రామమున జన్మించెను. వైద్యవిద్య కొరకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరెను. వేలూరు మన చిత్తూరునకు పొరుగు పట్టణము. అచ్చటి ఆసుపత్రికి తెలుగునాటి నుండి రోగులు నేటికిని పోవుచుందురు. మేరీ చదువు ముగించి, ఆ ఆసుపత్రియందే వైద్యురాలయ్యెను.

1954 జనవరిలో ఆమె తోడివారితో విహారయాత్రకు పోవుచుండగా మోటారు బండి బోల్తాపడెను. ఆమె ముఖము గాయపడెను. వెన్నుపాము దెబ్బతినుటచే నడుము క్రింది భాగము చచ్చుపడెను. ఇక నడక లేదు. శస్త్రవైద్యురాలు కావలెనను కోరిక ఏమి కావలెను?

ఆ కాలమున వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులను గూర్చి పరిశోధించుచుండెను. ఆ వ్యాధిలో నరములు చెడి వ్రేళ్లు కొక్కెములవలె వంగిపోవును. అయినను ముంజేతి కండరములు కొన్ని బలముతోనే యుండునని ఆయన కనుగొనెను. అట్టి కండరపు స్నాయుబంధనమును మార్చి వ్రేళ్లకు కలిపినచో చేయి మరల పనికి వచ్చును. కాని శస్త్రచికిత్సతోనే పని ముగియదు. కండరము తన పాత పని మరచి కొత్త పని నేర్వవలెను. అందులకు దినదినము వ్యాయామము అవసరము. చేతి శస్త్రచికిత్స కూర్చుండి చేయదగినది. కావున బ్రాండ్ ప్రోత్సాహముతో మేరీ చక్రాల కుర్చీనుండియే ఆ చికిత్సలు చేయ నేర్చెను.

అంతటితో ఆమె తృప్తినొందలేదు. తనవలె వెన్ను విరిగినవారి గతి యేమని చింతించెను. ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున తాను శిక్షణ పొందెను. పిమ్మట అమెరికాలో, యుద్ధమున గాయపడిన సైనికులకు పునరావాస చికిత్స నడపి పేరుగాంచిన డాక్టరు హోవర్డ్ రస్క్ సంస్థలో ఆ శాస్త్రము నభ్యసించెను. 1963లో స్వదేశమునకు వచ్చి, కత్తి పట్టు వృత్తిని విడిచి, వేలూరులో ఆ వైద్యశాఖకు అధిపతి యయ్యెను. 1966లో రోగులు నివసించి శిక్షణ పొందు పునరావాస సంస్థ అచ్చట వెలసెను.

ఆ చికిత్స తీరు తెలిసికొనదగినది. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో పడకపుండ్లు పుట్టును. చచ్చుపడిన కాళ్ల కీళ్లను ఇతరులు కదల్చనిచో అవి బిగిసిపోవును. బరువు లెత్తించి రోగి భుజములకు బలము కూర్చినచో, అతడు మంచముమీదినుండి చక్రాల కుర్చీలోనికి తానే మారగలడు. పిమ్మట చేతనైన పని నేర్చి కుటుంబమునకు ఆసరా కాగలడు. చచ్చుపడిన నరములకు మరల జీవము పోయుట ఆ వైద్యమునకు సాధ్యము కాకున్నను, మిగిలిన బలమును పెంచుట సాధ్యమయ్యెను. ఈ మాట రోగులకు చెప్పు అధికారము, చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ వైద్యురాలికి గాక మరెవ్వరికి కలదు?

1972లో భారత ప్రభుత్వము ఆమెను పద్మశ్రీ బిరుదుతో గౌరవించెను. 1986లో ఆమె పరమపదించెను. ఆమె నడక పోయిన పిమ్మట ముప్పదిరెండేండ్లు జీవించెను. ఆ యేండ్లలో అనేకులకు తమ కాళ్లమీద తాము నిలుచు బ్రతుకును చూపెను.