గాలిమోటర్‌లో కుడి సీటు

మాది ధర్మపురి. మా దిక్కు పెద్దవాళ్లు విమానాన్ని ఇప్పటికీ గాలిమోటర్ అనే అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లల్లో గాలిమోటర్ అంటే గల్ఫ్. మా బాపు దుబాయ్ వెళ్లినప్పుడు నేను థర్డ్ క్లాస్. శంషాబాద్‌లో ఆయన లోపలికి వెళ్లి కనపడకుండా పోయేదాకా చెయ్యి ఊపిన. ఆ విమానాన్ని నడిపేది ఎవరో అప్పుడు ఆలోచించలేదు.

ఈ సెమిస్టర్ మా టీమ్ ప్రాజెక్టులో సగం కోడ్ నేను రాసినా, డెమో రోజుకి నాకు మిగిలింది పీపీటీ, రిపోర్ట్. ఆ కోపంలో ఫోన్ చూస్తూ కూర్చున్న రాత్రే ప్రేమ్ మాథుర్ గురించి చదివిన.

ఆమె తెలుగావిడ కాదు. కానీ ఆమె కథ మలుపు తిరిగింది మన హైదరాబాద్‌లోనే. 1936లోనే సరళా థక్రాల్ జిప్సీ మాత్ అనే రెండు సీట్ల చిన్న విమానం నడిపారు. అది ట్రైనింగ్‌కి వాడే రకం. టికెట్ కొన్న ప్రయాణికులని మోసుకెళ్లే విమానం నడపాలంటే కమర్షియల్ లైసెన్స్ కావాలి. ప్రేమ్ మాథుర్ అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని, 1947లో ఆ లైసెన్స్ తెచ్చుకున్నారు. లైసెన్స్ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఎనిమిది ఎయిర్‌లైన్స్ ఆడమనిషి అని వద్దన్నాయి. చివరికి బేగంపేట నుంచి నడిచే డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను కో-పైలట్‌గా తీసుకుంది.

అక్కడ ఉన్నవి డకోటాలు. రెండు ఇంజన్ల డీసీ-3 విమానానికి అది యుద్ధకాలంలో వచ్చిన పేరు. యుద్ధంలో సైనికులని, సామాన్లని మోశాయి. యుద్ధం అయిపోయాక అవే మన దేశంలో ప్రయాణికుల విమానాలయ్యాయి. తోక కింద చిన్న చక్రం ఉండేది కాబట్టి నేల మీద ముక్కు పైకెత్తుకుని నిలబడుతది, పైలట్‌కి ఎదురుగా దారి సరిగ్గా కనపడదు. రన్‌వే మీద వేగం పెరిగేకొద్దీ తోక లేస్తది. రెక్క గాలిని కిందికి నెడుతది, గాలి రెక్కని పైకి నెడుతది. ఆ పైకి నెట్టే బలం బరువుని దాటితే చక్రాలు నేలని వదుల్తాయి. ఇప్పటి జెట్‌లలో లాగ కంప్యూటర్ సాయం లేదు. చేతి బలం కేబుల్స్ ద్వారా రెక్కల అంచులకి, తోకకి చేరాలి.

కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. రెండు సీట్ల ముందూ అదే కంట్రోల్, అవే పెడల్స్. ఎవరు లాగినా విమానం ఒకటే తీరు లేస్తది. ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి లాంటివాళ్లు కూడా ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణించారు. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు. రేసులో గడియారమే చూస్తారు, వేరేది చూడరు.

అయినా ఎడమ సీటు మాత్రం రాలేదు. ఫుల్ కమాండ్ అడిగితే డెక్కన్ ఎయిర్‌వేస్ ఇవ్వలేదు. ఆమె కావలసిన ఫ్లయింగ్ గంటలు పూర్తి చేసుకుని, ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్ అయ్యారు. డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆమె 1992లో చనిపోయారు.

నాకు ఎనిమిది రిజెక్షన్ల కంటే ఆ తర్వాతి సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది. లోపలికి రానివ్వడం వేరు, చేతికివ్వడం వేరు. మొదటిదానికే థాంక్స్ చెప్పి ఆగిపోవడం నాకూ అలవాటే. ఆమె ఆగలేదు, అడిగారు. ఇయ్యకపోతే ఇచ్చే చోటు వెతుక్కున్నారు.

మన దేశంలో ఇప్పుడు పైలట్లలో ఆడవాళ్ల శాతం ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువ. ఈసారి బాపు ఇంటికొస్తే, విమానంలో పైలట్ అనౌన్స్‌మెంట్ ఆడగొంతులో వచ్చిందా అని అడుగుత.

అన్నట్టు, శుక్రవారం మా డెమో. కీబోర్డ్ ముందు నేనే కూర్చుంటానని టీమ్‌కి చెప్పిన. కొంచెం గొణిగిన్రు గానీ ఒప్పుకున్నరు.