జాయప సేనాని - నృత్తరత్నావళి

ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుని (1199-1262) గజసాహిణి జాయప సేనాని. ఆంధ్రదేశమున సంస్కృతమున నృత్తశాస్త్రమును రచించినవారిలో నగ్రగణ్యుడు. అతని జన్మభూమి కృష్ణవేణి సాగరమును గలియు దివిసీమ. అచ్చటి ప్రభువులగు అయ్యవంశీయులలో పిన్నచోడి యితని తండ్రి. గణపతిదేవుడు తీరాంధ్రమును జయించినపుడు దివియు కాకతీయుల వశమయ్యెను. గెలిచిన రాజు ఆ వంశమును నిర్మూలింపలేదు. పిన్నచోడి కుమార్తెలగు నారాంబ, పేరాంబలను పరిణయమాడి, వారి సోదరుడగు జాయపను బాల్యముననే చేరదీసి, గుండామాత్యునియొద్ద నాట్యవిద్య నేర్పించెను. ఓడినవారి బిడ్డకు శాస్త్రమును, పిదప ఏనుగుల సేనను గూడ నప్పగించుట సామాన్యమైన రాజనీతి కాదు.

1213 నాటికే తామ్రపురి యనబడు చేబ్రోలు అతని యధీనమున నున్నట్లు అచ్చటి శాసనము దెలుపుచున్నది. తండ్రి పేర అచ్చట చోడేశ్వరాలయమును, ప్రభువు పేర దివిసీమలో గణపేశ్వరాలయమును అతడు నిర్మించెను. గణపేశ్వర శాసనము 1231 నాటిది.

నృత్తరత్నావళి 1253-54లో ముగిసెను. దేవగిరి యాదవుల యాస్థానమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నృత్తమునకు నొక్క అధ్యాయమే కేటాయింపగా, జాయప యెనిమిదధ్యాయములను దానికే యర్పించెను. మొదటి నాలుగును మార్గమునకు, తక్కిన నాలుగును దేశికి. భరతుని, అభినవగుప్తుని, మానసోల్లాసకర్తయగు సోమేశ్వరుని చదివిన పండితుడే పేరణి, గొండలి, దండరాసకము, కందుకనృత్తము, చిందు వంటి జనపద నృత్తములకును లక్షణము చెప్పెను. గ్రంథమున దేశిభాగమే మిక్కిలి యమూల్యము.

రామప్పగుడి నర్తకీమూర్తులు ఈ గ్రంథము ననుసరించి చెక్కబడినవని పలువురు వ్రాయుచున్నారు. ఇది కాలమునకు పొసగదు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆ యాలయమును ప్రతిష్ఠించినది 1213లో. గ్రంథము పుట్టినది నలువది యేండ్ల పిదప. శిల్పి చూచినదియు, సేనాని చూచినదియు నొక్క దేశమున సజీవముగ నాడుచుండిన నృత్తమే యనుట యుక్తము. శాస్త్రము ముందు, ప్రయోగము వెనుక యను మన యలవాటు తలపే ఈ పొరపాటునకు మూలము. లక్షణము లక్ష్యమును వెన్నంటునని వ్యాకరణము చదివిన మనకు వేరుగ జెప్పవలెనా!

గ్రంథము చిరకాలము తాళపత్రములందే యుండి, వే. రాఘవన్ పరిష్కరణమున 1965లో మద్రాసున వెలువడెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెనిగించిరి. నటరాజ రామకృష్ణ పేరణిని పునరుద్ధరించుటకు ఇందలి లక్షణమే యాధారమయ్యెను.